మెదడు దాహం

1875వ సంవత్సరం ఏప్రిల్ 15వ తేదీన పారిస్ నగరంలోని ఒక గ్యాసు కర్మాగారం ఆవరణ నుంచి పెద్ద బెలూను ఒకటి పైకి లేచింది. దాని పేరు "జెనిత్". దాని కింద వేలాడే బుట్టలో ముగ్గురు ఫ్రెంచివాళ్ళున్నారు. వారి పేర్లు గాస్తన్ తిసాందియే, క్రోసే స్పినెల్లీ, సివెల్.

వాళ్ళు సరదా కోసం బయలుదేరినవాళ్ళు కారు. ఆకాశంలో చాలా ఎత్తున గాలి ఎట్లా ఉంటుందో పరీక్షించి రావాలని వాళ్ళ ఉద్దేశం. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుందని అప్పటికే అందరికీ తెలుసు. గాలిలో అయిదో వంతు ప్రాణవాయువు ఉంటుంది. ఆ వంతు ఎంత ఎత్తున అయినా మారదు. కాని గాలే పలచబడినప్పుడు, మనం పీల్చే ఒక్కొక్క ఊపిరిలోకీ వచ్చే ప్రాణవాయువు తగ్గిపోతుంది గదా! అందుచేత ఆ ముగ్గురూ ప్రాణవాయువు ఎక్కువగా కలిపిన గాలిని మూడు సంచులలో నింపి వెంట తీసుకుపోయారు. సంచులు తల మీదుగా వేలాడుతున్నాయి. చెయ్యి చాపితే గొట్టం అందుతుంది. ఒంట్లో తేడాగా ఉన్నట్టు తోచగానే గొట్టాన్ని నోట పెట్టుకుని పీల్చటమే తరవాయి.

ఆ రోజుల్లో పారిస్‌లో పాల్ బెర్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన గాలిని తోడివేసే ఇనుపగది ఒకటి చేయించి, ఆ గదిలో తానే కూచుని, పలచని గాలి మనిషిని ఏం చేస్తుందో ఎన్నోసార్లు పరీక్ష చేశాడు. ఈ ప్రయాణం గురించి తెలియగానే ఆయన, ఆ సంచులలో ఉన్న ప్రాణవాయువు మీకు చాలదని హెచ్చరిస్తూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం అందేసరికి ఆలస్యమైపోయింది.

జెనిత్ చకచకా పైకి పోయింది. 26 వేల అడుగుల ఎత్తు సమీపిస్తూ ఉండగా తనకు ఎట్లా ఉన్నదో తిసాందియే తరవాత రాశాడు. ఆయనకు నొప్పి లేదు, భయం లేదు, ఊపిరి ఆడని బాధ కూడా లేదు! వెలుగులో మునిగి తేలుతున్నట్టు మనసుకు హాయిగా ఉన్నదట. శరీరం మాత్రం మొద్దుబారిపోతున్నది. ప్రాణవాయువు గొట్టం అందుకుందామనుకున్నాడు, చెయ్యి లేవలేదు. "ఎనిమిది వేల మీటర్లు ఎక్కాం!" అని అరుద్దామనుకున్నాడు, నాలిక కదలలేదు. కళ్ళు మూతపడినాయి.

కొంతసేపటికి ఆయనకు కొద్దిగా తెలివి వచ్చింది. బెలూను దిగుతున్నది. క్రోసే స్పినెల్లీకి కూడా తెలివి వచ్చింది. అతడు చేతికందిన బరువులన్నీ, ఒక బరువైన పరికరంతో సహా, బుట్టలోనుంచి బయటికి తోసేశాడు. దానితో బెలూను తేలికపడి మళ్ళీ పైకి లేచింది! ముగ్గురూ మళ్ళీ స్పృహ తప్పారు. తిసాందియే రెండోసారి కళ్ళు తెరిచేసరికి మిగిలిన ఇద్దరూ చనిపోయి ఉన్నారు. ఆయన ఒక్కడే ప్రాణాలతో నేల మీద దిగాడు. ఆయనకు కూడా వినికిడి పోయింది. బుట్టలో ఉంచిన గాజుగొట్టాలను తరవాత పరీక్షించి, బెలూను సుమారు 28 వేల అడుగుల దాకా పోయిందని లెక్క కట్టారు.

ప్రాణవాయువు తల దగ్గరే వేలాడుతూ ఉంటే, దాన్ని అందుకోకుండా ముగ్గురు తెలివిగల మనుషులు ఎట్లా పడిపోయారు?

దీనికి సమాధానం కొంచెం వింతగా ఉంటుంది. మీరు నీళ్ళలో మునిగి ఊపిరి బిగపట్టినప్పుడు, కాసేపటికి ఇక తాళలేను అనిపిస్తుంది. అది ప్రాణవాయువు అయిపోయినందువల్ల అనుకుంటాం. నిజానికి ఆ బాధ ముఖ్యంగా పుట్టేది మరొకదానివల్ల. మన శరీరంలో తిండి "మండి" శక్తి వచ్చేటప్పుడు బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. ఊపిరి వదిలినప్పుడల్లా అది బయటికి పోతుంది. ఊపిరి బిగపడితే అది నెత్తురులో పేరుకుంటుంది. శరీరం గగ్గోలు పెట్టేది ఈ పేరుకున్న వాయువును చూసి! పలచని గాలిలో మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, వదులుతూనే ఉంటాడు. బొగ్గుపులుసు వాయువు ఎప్పటికప్పుడు బయటికి పోతూనే ఉంటుంది. ఇక బాధ ఎక్కడినుంచి వస్తుంది?

పైగా, "నాకు ప్రాణవాయువు చాలటం లేదు" అని గ్రహించవలసింది మెదడు. ప్రాణవాయువు తగ్గితే ముందుగా మందగించేది కూడా ఆ మెదడే. కాపలావాడే మొదట నిద్రపోతే దొంగ వచ్చాడని కేక పెట్టేదెవరు?

ఇంగ్లండులో హాల్డేన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు తరవాతి కాలంలో కెల్లాస్ అనే పర్వతారోహకుడితో కలిసి ఇటువంటి ఇనుపగదిలోనే కూచున్నాడు. గదిలో గాలి సుమారు 22 వేల అడుగుల ఎత్తున ఉన్నంత పలచగా ఉన్నది. బయట ఉన్నవాళ్ళు ఏం చెయ్యమన్నారని అడిగినప్పుడల్లా, అట్లాగే ఉంచమని హాల్డేన్ జవాబు చెబుతూ వచ్చాడు. చివరకు గదిలోకి గాలి ఎక్కించటం మొదలుపెట్టిన తరవాత, తన పెదవులు ఏ రంగులో ఉన్నాయో చూసుకోవటానికి ఆయన అద్దం తీశాడు. తాను చూస్తున్నది అద్దం వెనక వైపు అని తెలుసుకోవటానికి ఆయనకు కొంతసేపు పట్టింది! అంతసేపూ తన బుద్ధి చక్కగా పనిచేస్తున్నదనే ఆయన అనుకున్నాడు. ఈనాడు మన వైమానికదళం పైలట్లకు బెంగుళూరులోని సంస్థలో ఇటువంటి గదిలోనే శిక్షణ ఇస్తారు. ప్రాణవాయువు తగ్గినప్పుడు తనకు ఎట్లా ఉంటుందో ప్రతి పైలటూ ఒకసారి నేల మీదనే చవిచూసి గుర్తు పెట్టుకోవాలన్నమాట. ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఒకరికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒకరికి చూపు మసకేస్తుంది, మరొకరికి ఊరికే నవ్వు వస్తుంది.

ఇంతకూ మెదడు ఇట్లా దెబ్బ తింటుంటే దాన్ని కాపాడటానికి శరీరం ఏమీ చెయ్యదా? చేస్తుంది. అది తెలుసుకోవాలంటే మెదడు సంసారం ఎట్లా సాగుతుందో చూడాలి.

పెద్దవాళ్ళ మెదడు కిలోన్నరకు కొంచెం తక్కువ ఉంటుంది. శరీరం బరువులో అది యాభయ్యో వంతు. కాని మనిషి ఊరికే కూచున్నప్పుడు అతడు వాడుకునే ప్రాణవాయువులో అయిదో వంతు ఆ ఒక్క మెదడే తీసుకుంటుంది. అందుకోసం నిమిషానికి ముప్పావు లీటరు నెత్తురు మెదడులోకి పారాలి. పిల్లల సంగతి మరీ విచిత్రం. బరువుకు బరువు లెక్క వేస్తే, అయిదారేళ్ళ పిల్లల మెదడులోకి పెద్దవాళ్ళ మెదడులోకన్న దాదాపు రెట్టింపు నెత్తురు పారుతుంది. పిల్లలు ఊరికే ప్రశ్నలతో వేధిస్తారని విసుక్కునే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవటం మంచిది.

ఇంత వాడకం ఉన్నా మెదడుకు దాచుకునే అలవాటు లేదు. కాలి కండలు కొంచెం ప్రాణవాయువును నిలవ ఉంచుకోగలవు. మెదడు మాత్రం ఏ పూటకాపూట కొని తెచ్చుకునే ఇల్లు వంటిది. నెత్తురు రావటం ఆగిపోతే పది సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు. కొద్ది నిమిషాలు దాటితే మెదడులోని కణాలు చచ్చిపోవటం మొదలవుతుంది.

మెదడులో నెత్తురు ఎక్కువ తక్కువగా పారుతుందని మొదట కళ్ళారా చూసినవారిలో ముఖ్యుడు ఇటలీలోని తురిన్ నగరానికి చెందిన ఆంజెలో మోసో. పుర్రె ఎముకతో కప్పి ఉన్న మెదడును ఎట్లా చూడటం? ఏదో ప్రమాదంలో దెబ్బ తగిలి, పుర్రెకు చిల్లి పడి, పైన చర్మం మాత్రం మూసుకున్న కొందరు ఆయన దగ్గరికి వచ్చారు. పసిపిల్లల మాడు కొట్టుకోవటం మీరు చూసే ఉంటారు. వాళ్ళ తల కూడా ఆ చిల్లి దగ్గర అట్లాగే కొట్టుకునేది. మోసో అక్కడ ఒక చిన్న పరికరం అమర్చి, ఆ కొట్టుకోవటాన్ని కాగితం మీద గీతలుగా దించాడు. ఒకనాడు ఒక రైతు ఆ పరికరం పెట్టుకుని కూచుని ఉండగా మధ్యాహ్నం చర్చి గంటలు మోగినాయి. వెంటనే గీతలు పెద్దవైనాయి. చేతి నాడిలో మార్పు లేదు, మెదడులో మాత్రమే! గంటలు విని నీకు ప్రార్థన గుర్తు వచ్చిందా అని మోసో అడిగితే, అవునన్నాడు రైతు. అప్పుడు కూడా గీతలు పెరిగినాయి. 1890లో ఇంగ్లండులో రాయ్, షెరింగ్టన్ అనే ఇద్దరు మరొక అడుగు ముందుకు వేసి, మెదడు తన అవసరాన్ని బట్టి తానే నెత్తురును రప్పించుకుంటుందని చెప్పారు.

మన చెరువుల కింద నీరటి ఉంటాడు చూడండి, ఏ మడి ఎండుతున్నదో చూసి ఆ వైపు తూము తెరుస్తాడు, తడిసిన మడికి కట్టేస్తాడు. మెదడులో నీరటి పని చేసేవి సన్నని రక్తనాళాలు. వాటి గోడల చుట్టూ ఉంగరాల్లాగా కండపోగులు ఉంటాయి. అవి బిగిస్తే నాళం సన్నబడుతుంది, వదులైతే వెడల్పవుతుంది. ఆ వెడల్పు కొంచెం పెరిగినా చాలు. గొట్టంలో పారే ద్రవం సంగతి పారిస్‌కు చెందిన పుయిజెయి అనే డాక్టరు పందొమ్మిదో శతాబ్దంలో లెక్క తేల్చాడు: గొట్టం వెడల్పు నూటికి పది పాళ్ళు పెరిగితే, అందులో పారేది నూటికి నలభై ఆరు పాళ్ళు పెరుగుతుంది! కావలిస్తే 1.1ని 1.1తో మూడుసార్లు గుణించి చూడండి. నిజం నాళాలు సాగుతాయి, నెత్తురు నీళ్ళకన్న చిక్కగా ఉంటుంది గనక లెక్క అచ్చంగా ఇట్లాగే కుదరదు. అయినా దారి ఇదే.

సరే, ప్రాణవాయువు తగ్గినప్పుడు మెదడులోకి నెత్తురు ఎంత పెరుగుతుంది? దీన్ని బతికి ఉన్న మనిషిలో, తలకు గాయం చెయ్యకుండా కొలవటం చాలాకాలం ఎవరి తరమూ కాలేదు. 1940ల్లో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనేవాళ్ళు ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. నైట్రస్ ఆక్సైడ్ అని ఒక వాయువు ఉన్నది. పూర్వం దాన్ని నవ్వించే వాయువు అనేవారు. దాన్ని కొద్దిగా, నవ్వు రానంత తక్కువగా, గాలిలో కలిపి మనిషి చేత పది నిమిషాలు పీల్పించారు. ఆ వాయువు నెత్తురుతోపాటు పోయి మెదడులో ఇంకుతుంది. మెదడుకు పోయే నెత్తురులో అది ఎంత ఉన్నదో, మెదడు నుంచి తిరిగివచ్చే నెత్తురులో ఎంత ఉన్నదో మాటిమాటికీ కొలిచారు. పారుదల జోరుగా ఉంటే మెదడు తొందరగా నిండిపోయి రెండు లెక్కలూ ఒకటవుతాయి. మందంగా ఉంటే ఆలస్యమవుతుంది. దీన్నిబట్టి నెత్తురు ఎంత పారుతున్నదో గుణించవచ్చు.

1948లో వాళ్ళు ఆరోగ్యవంతులైన యువకుల చేత రకరకాల గాలులు పీల్పించి ఫలితాలు ప్రకటించారు. మామూలు గాలిలో నూటికి ఇరవై ఒక పాళ్ళు ఉండవలసిన ప్రాణవాయువును పది పాళ్ళకు తగ్గిస్తే, మెదడులోకి పారే నెత్తురు నూటికి ముప్పై అయిదు పాళ్ళు పెరిగింది! అంటే ఒక్కొక్క చుక్క తెచ్చే ప్రాణవాయువు తగ్గింది గనక, చుక్కల సంఖ్య పెంచి మెదడు సరిపెట్టుకున్నదన్నమాట. బిందెలు చిన్నవైతే ఎక్కువసార్లు మోసినట్టు.

నాళాలకు ఈ సంగతి తెలిపేదెవరు? ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. ప్రాణవాయువు చాలని కణాలలో శక్తి తరిగిపోతున్నప్పుడు అడినోసిన్ అనే పదార్థం పేరుకుని బయటికి వస్తుంది. అది నాళాల కండపోగులను వదులు చేస్తుంది. నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. అది కూడా అదే పని చేస్తుంది. ఈ వాయువు శరీరంలో వార్తాహరుడుగా పనిచేస్తుందని కనిపెట్టిన ముగ్గురు అమెరికన్లకు 1998లో నోబెల్ బహుమానం ఇచ్చారు. పేరు ఒకేలాగా ఉన్నదని దీన్నీ నవ్వించే వాయువునూ ఒకటనుకునేరు. రెండూ వేరు.

కథ ఇంతటితో అయితే బాగానే ఉండును. కాని కెటీ, ష్మిట్‌ల కాగితాలలో మరి రెండు లెక్కలున్నాయి. పీల్చే గాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి అయిదు నుంచి ఏడు పాళ్ళు కలిపితే మెదడులోకి నెత్తురు డెబ్భై అయిదు పాళ్ళు పెరిగింది. ఆ యువకుల చేత కావాలని గబగబా ఊపిరి తీయించి, ఒంట్లోని బొగ్గుపులుసు వాయువును తగ్గిస్తే, నెత్తురు మూడో వంతు తగ్గిపోయింది!

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఊదుగొట్టంతో చాలాసేపు ఊదితే కళ్ళు తిరుగుతాయి. జాతరలో కొన్న రబ్బరు బుడగలు వరసగా పది ఊదినా అంతే. పొగ కొంత కారణం కావచ్చు, కాని బుడగలో పొగ లేదు గదా! ఊది ఊది బొగ్గుపులుసు వాయువును వదిలేసుకున్నాం, మెదడు నాళాలు ముడుచుకున్నాయి, తల తిరిగింది.

ఇప్పుడు చిక్కు చూడండి. మెడలో రెండు వైపులా, మెదడుకు నెత్తురు తీసుకుపోయే పెద్ద ధమని రెండుగా చీలేచోట, బియ్యపుగింజంత కణుపు ఒకటి ఉంటుంది. నెత్తురులో ప్రాణవాయువు తగ్గితే పసికట్టేది అదే. ఈ కాపలా సంగతి కనిపెట్టినందుకు బెల్జియం దేశస్థుడు హేమాన్స్‌కు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చింది. కొండ మీద ప్రాణవాయువు తగ్గగానే ఆ కణుపు మెదడుకు కబురు పంపుతుంది, ఊపిరి జోరవుతుంది. ప్రాణవాయువు కొంచెం ఎక్కువ వస్తుంది, మంచిదే. కాని అదే ఊపిరితో బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మెదడు నాళాలను ప్రాణవాయువు కొరత "తెరుచుకోండి" అంటుంది, బొగ్గుపులుసు వాయువు కొరత "మూసుకోండి" అంటుంది! తాడు ఆట సాగుతుంది.

కొరత కొద్దిగా ఉన్నప్పుడు ఈ ఆటలో ఇద్దరూ సమానంగా ఉంటారు, మెదడు నెత్తురు పెద్దగా మారదు. కొరత బాగా పెరిగితే తెరిచే పక్షం గెలుస్తుంది. ఇదంతా శరీరం తెలివితక్కువతనం అనుకోకూడదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కువ తక్కువలైతే మెదడులో పులుపు ఎక్కువ తక్కువలవుతుంది. మామూలు రోజుల్లో దాన్ని సరిగా ఉంచటానికే ఈ ఏర్పాటు. సముద్రమట్టానికి దగ్గరగా బతికే మనిషి ఏదో ఒకనాడు బెలూను ఎక్కుతాడని దానికి ఎట్లా తెలుస్తుంది?

ఈ సంగతి చెరువుల్లోనూ, బావుల్లోనూ ఈదే పిల్లలకు చాలా అవసరం. ఎక్కువసేపు ఎవరు మునిగి ఉంటారని పందెం వేసుకుని, మునిగేముందు గబగబా పది పదిహేను సార్లు ఊపిరి తీసేవాళ్ళుంటారు. అట్లా చేస్తే ఒంట్లో ప్రాణవాయువు బాగా నిండుతుందని వాళ్ళ నమ్మకం. నెత్తురు అప్పటికే ప్రాణవాయువుతో నిండి ఉంటుంది, ఇంకా నిండేది ఏమంత ఉండదు. బొగ్గుపులుసు వాయువు మాత్రం పోతుంది. దానితోపాటు, "ఇక పైకి రా!" అని గగ్గోలు పెట్టే గంట కూడా ఆలస్యంగా మోగుతుంది. మునిగినవాడికి హాయిగానే ఉంటుంది, తిసాందియేకు ఉన్నట్టే. ఈలోగా ప్రాణవాయువు అయిపోయి నీటిలోనే స్పృహ తప్పుతుంది. పైకి చూసేవాళ్ళకు వాడు పందెం గెలుస్తున్నట్టే కనిపిస్తుంది. మంచి ఈతగాళ్ళే ఇట్లా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ పందెం ఎవరూ వెయ్యకూడదు, పిల్లలు వేస్తుంటే పెద్దలు చూస్తూ ఊరుకోకూడదు.

ఇక కొండలు ఎక్కేవాళ్ళ సంగతి. బెలూనులో రెండు గంటల్లో పోయిన ఎత్తుకు వాళ్ళు వారాల తరబడి పోతారు. ఆ వ్యవధిలో శరీరం సర్దుకుంటుంది. కాలిఫోర్నియాలో వైట్ మౌంటెన్ అనే కొండ ఉన్నది. 12,500 అడుగుల ఎత్తున దాని మీద ఒక పరిశోధనాలయం పెట్టారు. అక్కడికి చేరిన మనుషులకు మొదటి రోజున మెదడు నెత్తురు నూటికి 24 పాళ్ళు పెరిగిందనీ, మూడు నాలుగు రోజులకు ఆ పెరుగుదల 13 పాళ్ళకు దిగిందనీ 1966లో ప్రకటించారు. రోజులు గడిచినకొద్దీ ఊపిరి కుదురుకుని నెత్తురులోకి ప్రాణవాయువు ఎక్కువ చేరుతుంది. వారాల మీద ఎర్రకణాలు పెరుగుతాయి. మెదడు అంత ఆదుర్దాగా తూములు తెరవవలసిన పని ఉండదు.

తొందరపడి ఎక్కేవాళ్ళను తలనొప్పి పట్టుకుంటుంది. పుర్రె సాగదు గదా! లోపల నాళాలు ఉబ్బితే, మెదడులోకి నీరు ఊరితే, చోటు చాలదు. తలనొప్పితోపాటు నడక తూలటం, మాట తడబడటం మొదలైతే ఆలస్యం చెయ్యకుండా కిందికి దించాలి. దాన్ని మించిన మందు లేదు.

ఎత్తుకు అలవాటు పడటం ఎంత ఓపికతో చెయ్యాలో మన పిల్లలే చేసి చూపించారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలిపని చేసుకునే కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ, గురుకుల పాఠశాలలో చదువుతూ భువనగిరి రాతికొండ మీద మొదటిసారి తాడు పట్టుకున్నది. తరవాత డార్జిలింగులో, లడఖ్‌లో శిక్షణ పొందింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే, ఎవరెస్టు శిఖరం ఎక్కి, ఆ శిఖరం చేరిన బాలికలలో అందరికంటె చిన్నది అనిపించుకున్నది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ అనే విద్యార్థి కూడా ఆనాడే శిఖరం చేరాడు. ఆ యాత్రకు యాభై రెండు రోజులు పట్టింది. అందులో ఎక్కువ రోజులు పోయింది శిఖరం వైపు నడవటానికి కాదు, కొంత ఎక్కి, దిగి, మళ్ళీ కొంత ఎక్కి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోవటానికి. చివరి ఎత్తుల్లో సిలిండర్లలోని ప్రాణవాయువు తోడుంటుంది. జెనిత్‌లో ఉన్నట్టు అది చేతికందే దూరాన వేలాడదు. ముసుగు ముక్కుకూ నోటికీ కట్టే ఉంటుంది.

ఆ తోడు లేకుండా ఎవరెస్టు ఎక్కటం మనిషికి సాధ్యమా అని చాలాకాలం అనుమానించారు. 1978 మే 8న మెస్నర్, హబేలర్ అనే ఇద్దరు ఎక్కి చూపించారు. 1981లో ఒక అమెరికన్ డాక్టరు శిఖరం మీదే కొలతలు తీశాడు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో మూడో వంతు. ఆయన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు, జోరుగా ఊపిరి తీయటం వల్ల, మామూలులో అయిదో వంతుకు పడిపోయింది. అంత తక్కువైతే మెదడు నాళాలు బిగుసుకుపోవాలి. మరి ఆ మనుషులు నిలబడి కొలతలు ఎట్లా తీయగలిగారు? ప్రాణవాయువు కొరత అంత బలంగా తాడు లాగుతున్నదన్నమాట. మెదడులో పెద్ద ధమనులు వెడల్పు మారవని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. 2007లో ఎవరెస్టు మీదికి పోయిన ఇంగ్లీషు డాక్టర్లు ధ్వని తరంగాలతో తమ తలలనే పరీక్షించుకుని చూస్తే, 21 వేల అడుగులు దాటిన తరవాత ఆ పెద్ద ధమనులు కూడా వెడల్పైనట్టు తేలింది.

ఆ డాక్టర్లు మరొక పని కూడా చేశారు. శిఖరం మీద నెత్తురు తీసి పరీక్షించాలని వాళ్ళు అనుకున్నారు. అక్కడ గాలి భరించరానంతగా ఉండటం చేత కొంచెం దిగి, 27,500 అడుగుల ఎత్తున ఆగారు. సిలిండర్ల ముసుగులు తీసేసి, ఇరవై నిమిషాలు ఆ గాలే పీలుస్తూ కూచున్నారు. ఆ చలిలో బట్టలు వదులు చేసుకుని, నలుగురూ గజ్జలో ఉండే ధమని నుంచి నెత్తురు తీయించుకున్నారు. దాన్ని మూతలు బిగించి, మంచులో చుట్టి ఒక షెర్పాకు ఇచ్చారు. అతడు రెండు గంటల లోపల ఆరు వేల అడుగులకు పైగా దిగి, కింద శిబిరంలో ఉన్న యంత్రం దగ్గరికి చేర్చాడు. యంత్రంలో చూస్తే వాళ్ళ నెత్తురులో ప్రాణవాయువు ఒత్తిడి సగటున 24.6. సముద్రతీరంలో ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది సుమారు 95 ఉంటుంది. కింద ఉన్న మనిషిని హఠాత్తుగా అంత ఎత్తున పెడితే కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. ఈ నలుగురూ మాత్రం ఒకరి నెత్తురు ఒకరు తీసి, సీసాల మీద గుర్తులు రాసి, దిగి వచ్చారు.